చివరి మలుపు దగ్గర డప్పు

గుర్రాల గురించి నాకు తెలిసినదంతా ఒక స్టాప్‌వాచీలో పట్టేస్తుంది. ముప్పై ఏళ్ళపాటు డ్రిల్లు మాస్టారుగా పిల్లల చేత పరుగులు తీయించి, నేను మాత్రం బస్సు కోసం కూడా పరుగెత్తకుండా రిటైరైనవాణ్ణి. ఆ ఉద్యోగం నుంచి ఇంటికి తెచ్చుకున్నవి రెండు. ఒకటి మెడలో వేలాడే ఆ స్టాప్‌వాచీ. రెండోది, ఎంత బరువైన సంగతినైనా వేళాకోళం చేసి చెప్పే నోరు. స్టాప్‌వాచీ ఇప్పటికీ సరిగ్గానే పనిచేస్తోంది. నోటి గురించే ఈ నాలుగు మాటలూ.

మా ఊరు విజయనగరం నుంచి రామతీర్థం వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉంటుంది. వరికోతలై చేలు ఖాళీ అయ్యాక చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మవారి తీర్థాలు మొదలవుతాయి. తీర్థమంటే గుర్రప్పందేలు ఉండాల్సిందే. పట్నాల్లో మాదిరి గ్యాలరీలు, దుర్భిణులు ఉండవు. కోసిన చేలో నాలుగు మూలలా వెదురు గడలు పాతి, వాటికి చీరముక్కలు కట్టి, దుబ్బులు తొక్కించి చదును చేస్తే అదే మైదానం. ఒక్కో పందేనికి ఐదు గుర్రాలు, ఐదు చుట్లు. జీను ఉండదు. వట్టి వీపు మీద కూర్చుని జూలు పట్టుకున్నవాడే రౌతు. మా వైపు పొద్దున్న నాగలి పట్టినవాడే సాయంత్రం గుర్రమెక్కుతాడు కనక, రైతుకీ రౌతుకీ ఒక్క అక్షరమే తేడా అని నేను అంటూ ఉండేవాణ్ణి. ఆ ముక్క కనీసం వందసార్లు అనుంటాను. విన్నవాళ్ళు కూడా వందసార్లూ నవ్వారు. నా పతనానికి వాళ్ళ మంచితనం కూడా ఒక కారణం.

ఈ పందేల్లో ఒక ఆచారం ఉంది. ప్రతి ఊరూ తన గుర్రంతోపాటు తన డప్పుల్ని కూడా తెచ్చుకుంటుంది. డప్పులవాళ్ళు చివరి మలుపు దగ్గర, జనం వెనకాల నిలబడతారు. నాలుగు చుట్లు పూర్తయ్యేదాకా ఒక్క దెబ్బ వెయ్యకూడదు. ఐదో చుట్టులో గుర్రాలు ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి, ముందు వరసవాళ్ళ సైగ చూసి అన్ని ఊళ్ళ డప్పులూ ఒక్కసారిగా లేస్తాయి. తన ఊరి డప్పు వింటే గుర్రానికి రోషం పుట్టుకొస్తుందని మా నమ్మకం. గుర్రాలకు పుట్టేదో లేదో గాని, మాకు మాత్రం పుట్టేది. చొక్కాలు విప్పి గాల్లో తిప్పేవాళ్ళం. నేను చొక్కా విప్పితే బాగోదని తువ్వాలు తిప్పేవాణ్ణి.

మా వీధి చివర ఒకతను ఉన్నాడు. నలభై దాటినా ఎండుకర్రలా ఉంటాడు, మాట తక్కువ. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తోలుకెళ్ళడం అతని బతుకుతెరువు. అతని తెల్లగుర్రం మీద ఎక్కని పెళ్ళికొడుకు మా చుట్టుపక్కల తక్కువ. డప్పు మోగితే అది నడక ఆపి, ఉన్నచోటే నిలబడి, ముందుకాళ్ళు ఒకటి తరవాత ఒకటి ఎత్తి దించుతుంది. డప్పు ఆగితే నడుస్తుంది. జనానికి అదొక ముచ్చట. ఆ తెల్లగుర్రానికి ఒక ఎర్రపిల్ల పుట్టింది. ఇంటిదగ్గర కట్టేసి వెళ్తే గొంతు చించుకునేదని, పాలు మరిచేదాకా దాన్ని కూడా తల్లి పక్కనే ఊరేగింపులకు తిప్పాడు. డప్పులూ, లైట్లూ, టపాకాయల మధ్య తల్లి డొక్కకి ఆనుకునే అది పెరిగింది.

అది ఎదిగి రౌతుని మోసే ఈడుకి వచ్చాక బొబ్బిలి వైపు ఒక పెళ్ళిలో ఎవరో తాటాకు టపాకాయల దండ తల్లిగుర్రం ముఖం ముందే అంటించారు. ఒక కన్ను పోయింది. గుర్రాన్ని ఇంటికి నడిపించుకొచ్చి అతను భార్యతో అన్న మాట మా అరుగు దాకా వినిపించింది.

"పిల్లని మాత్రం డప్పుల ముందర నిలబెట్టనే. ఇది పరిగెడతాది."

అతను పట్టుబట్టాడు గాని, రోజులు అతని పట్టులో లేవు. తల్లికి రెండో కన్ను కూడా మసకబారుతోంది. మా దగ్గర పందెం గుర్రానికి ఊరే మేత పెడుతుంది. తలా ఒక మోపు గడ్డి, ఇంటికో గంప ఉలవలు. కాని ఆ మర్యాద గెలిచే గుర్రానికే. ఈ తీర్థాలు ముగిసేలోగా ఎర్రపిల్ల నిలదొక్కుకోవాలి. లేకపోతే వేసవి పెళ్ళిళ్ళు మొదలయ్యేసరికి తల్లి చోట్లో అది నిలబడాలి. మూడో దారి లేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎర్రపిల్లకి తప్ప.

మొదటి తీర్థంలో అతనే రౌతుగా ఎక్కాడు, అది గెలిచింది. మామూలుగా కాదు, తరవాతి గుర్రం మలుపు తిరిగే వేళకి ఇది గీత దాటి, ఎందుకు ఆపేశారన్నట్టు చుట్టూ చూసింది. ఆ రోజు డప్పులు లేవు. ఆ ఊళ్ళో డప్పులవాళ్ళ వీధిలో ముందు రోజే ఒక పెద్దావిడ పోయింది. పండగ ఆపలేక, అన్ని ఊళ్ళ డప్పులూ మాత్రం ఆపారు. ఆ వివరం అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. మా ఊరికి ఒక గుర్రం దొరికింది. అంతే చాలు.

రెండో తీర్థంలో నాలుగు చుట్లు అదే ముందు. చివరి మలుపు దగ్గర ఏమైందో ఏమో, అడుగు కుంచించుకుపోయింది. మూడో స్థానంలో వచ్చింది.

ఆ తరవాత వారం రోజులు మా ఊళ్ళో వేరే మాట లేదు. మా కచేరీ జరిగేది టీకొట్లో. అది నడిపే ఆవిణ్ణి అందరం అప్ప అంటాం. ముఖ్యమైన న్యాయవాదులు ఇద్దరు. ఒకరు ఒకప్పుడు ఎడ్లపందేల్లో పేరు మోసిన పెద్దాయన. రెండో అతను ఆటో నడుపుతాడు. ఆటో వెనక అద్దం మీద ఎర్రపిల్ల బొమ్మ అతికించుకున్నాడు కూడా. నేను స్టాప్‌వాచీ పట్టుకున్న జడ్జీని. గుర్రం గలవాడు ఒక మూల బెంచీ చివర కూర్చుని, తన పిల్ల మీద జరిగే విచారణ వింటూ టీ తాగేవాడు.

"దానికి దమ్ము నేదురా," అన్నాడు పెద్దాయన. "నాలుగు సుట్లకి సరిపడా ఊపిరే ఇచ్చాడు దేవుడు. ఐదోదానికి ఎక్కణ్ణించి తెస్తాది?"

"దమ్ము నేకపోతే మొదట్లో ఎలగ గెలిసింది మావా? ఆ రోజు ఎవులి ఊపిరి అడిగి తెచ్చుకున్నాది?" అన్నాడు ఆటో అతను.

"ఆ రోజు ఎదటున్నయి గుర్రాలేట్రా? గాడిదలకి అన్నదమ్ములు."

"మరి నీ ఎడ్లు గెలిసినప్పుడు ఎదటున్నయి ఏటి, మేకలా?"

"ఒరే! నా ఎడ్ల జోలికి రాకు. సచ్చి మట్టిలో కలిసినా నీ ఆటోకంటే బేగి ఎల్తాయి."

అప్ప గ్లాసులు కడుగుతూ అంది. "ఓలమ్మో, గుర్రానికి దమ్ముందో నేదో ఇక్కడ కూకుని తేలుస్తారేటి? మీ ఇళ్ళకాడ మీ ఆడోళ్ళనడగండి, ఎవులికి దమ్ముందో సెప్తారు."

ఆటో అతను జేబులోంచి ఫోను తీశాడు. పందేన్ని అతనే వీడియో తీశాడు. ఆ ఫోను ఎప్పుడో ఆటోలోంచి జారిపడి స్పీకరు పోయింది. బొమ్మ తప్ప శబ్దం రాదు. ఆ మూగ వీడియోని మేం ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. చివరి మలుపు. జనం నోళ్ళు తెరుచుకుంటాయి. తువ్వాళ్ళు తిరుగుతాయి. ఎర్రపిల్ల చెవులు ఒక్కసారి వెనక్కి తిరుగుతాయి, అడుగులు దగ్గరదగ్గరగా పడతాయి, తల పైకి లేస్తుంది. పక్కనుంచి రెండు గుర్రాలు దాటిపోతాయి.

"సూడు, సూడు. ఇక్కడ ఆపు. ఇక్కడ బావ ఒక్క దెబ్బ ఏసుంటే ఎగిరిపోయేది," అన్నాడు ఆటో అతను. "ఏటి బావా, సంటిపిల్లకి జోల పాడతన్నట్టు అలగ కూకుంటావు? కర్ర ఎందుకున్నాది చేతిలో?"

"నాను కొట్టను," అన్నాడు గుర్రం గలవాడు.

"మరి దానికెలగ తెలస్తాది, గెలవాలని?"

"దానికి తెల్సు."

"తెల్సుంటే ఎందుకాగినట్టు?"

అతను గ్లాసులోకి చూశాడు. "అదే తెలీటం నేదు. నా సెవులో గాలి తప్ప ఏటీ ఇనిపించదు అక్కడ. ఉన్నట్టుండి దాని ఈపు నా కింద గట్టిపడిపోతాది. అంతే."

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. నా దగ్గర అంకెలున్నాయి. మా ఊరి చెరువు పల్లంలో సాధన చేసినప్పుడు ఏడేసి చుట్లు కొట్టించి కొలిచాను. ఏడో చుట్టు కూడా మొదటిదాని కంటే పెద్దగా తగ్గలేదు. దమ్ము తక్కువ కాదని ఖాయం. మరి కారణం ఏమిటో తెలీదు. తెలీదని చెప్పడం జడ్జీకి చిన్నతనం. అందుకని ఇలా సెలవిచ్చాను.

"పందెం పోయిందిరా, పంతం పోలేదు. అవతల ఊళ్ళవాళ్ళు నాలుగేసి డప్పులు తెచ్చారు. మనం ఎన్ని తెచ్చాం? ఒక్కటి. ఆ ఒక్కటీ ఆ గోలలో దానికి వినపడిందా? పిల్లకి తన ఊరు కూడా ఉందని తెలియొద్దూ? ఈసారి ఆరు డప్పులు పెట్టిద్దాం. మలుపు దగ్గర పిలిచినట్టు వినపడాలి."

టీకొట్టంతా ఔనంటే ఔనంది. పెద్దాయన కూడా తల ఊపాడు. పక్క ఊరికి నేనే స్వయంగా వెళ్ళి, అదరగొట్టేవాళ్ళని ఏరి ఆరుగుర్ని మాట్లాడి వచ్చాను. బతుకంతా నా డప్పు నేనే కొట్టుకున్నవాణ్ణి, ఇతరుల చేత కొట్టించడం అదే మొదలు. ఆ సంబరంలో రెండు రోజులు భోజనం కూడా ఎక్కువే తిన్నాను.

మూడో తీర్థం ఆదివారం. గురువారం మధ్యాహ్నం మా వీధిలోనే ఒక పెళ్ళికొడుకు బయల్దేరాడు. ముహూర్తం పగటిపూట. భోంచేసి, గుర్రు పెట్టడానికీ గుర్రాన్ని చూడటానికీ మధ్య ఊగిసలాడుతూ అరుగు మీద కూర్చున్నాను. తెల్లగుర్రం వీధిలోకి వచ్చింది. డప్పు మోగింది. అది ఆగింది. ముందుకాళ్ళు ఎత్తసాగింది. పోయిన కంటివైపు ఎవరో పూలదండ వేలాడదీసి, ఆ గుంట కనపడకుండా చేశారు.

ఊరేగింపుని చూసిచూసి, చూపు మరల్చాను. అతని పెరట్లో, దడి అవతల, ఎర్రపిల్ల గుంజకి కట్టి ఉంది. పక్కన ఎవరూ లేరు. గడ్డి తింటున్నది తినడం ఆపింది. నోట్లోంచి రెండు పరకలు వేలాడుతున్నాయి. చెవులు వెనక్కి తిరిగాయి. తల పైకి లేచింది. కుడికాలు లేచి దిగింది. ఎడంకాలు లేచి దిగింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. వీధిలో డప్పు ఆగింది. దాని తల మళ్ళీ గడ్డిలోకి వంగింది. డప్పు మొదలైంది. తల లేచింది. కాళ్ళు లేచాయి.

దానికి అది ఎవరూ నేర్పలేదు. తల్లి డొక్క పక్కన నిలబడి తనంతట తాను నేర్చుకుంది. ముప్పై ఏళ్ళు పిల్లల చేత కుడి ఎడమ కొట్టించినవాణ్ణి, ఆజ్ఞ వినబడితే కాలు దానంతటదే ఎలా లేస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ వీడియోకి అప్పుడు శబ్దం వచ్చింది. మలుపు దగ్గర ఏం జరిగిందో, ఆదివారం ఆరు డప్పుల ముందు ఏం జరగబోతుందో, అంతా అరుగు మీద కూర్చున్నవాడికి కూర్చున్నట్టే తెలిసిపోయింది.

ఆ సాయంత్రమే టీకొట్టుకి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఈ మాట నా మీద జాలి కోసం రాయడం లేదు. నిజం కనక రాస్తున్నాను. అందరూ ఉన్నారు. గుర్రం గలవాడూ ఉన్నాడు, ఊరేగింపు ముగించుకుని వచ్చి, ఒంటి మీద రంగుకాగితం తునకలతో. ఇప్పుడు చేయాల్సింది ఏమిటి? కూర్చుని, "బాబూ, నేనొకటి చూశాను," అని మొదలుపెట్టాలి. నాకు అలా మొదలుపెట్టడం రాదు. ఏనాడూ అలా మొదలుపెట్టలేదు. ఆరు డప్పుల ఆలోచన నాది కూడానూ. దాన్ని నేనే కాలదన్నుకోవాలంటే కాస్త నవ్వు పూత పూయాలనిపించింది.

"ఒరే, మన పిల్ల ఎందుకాగుతోందో కనిపెట్టాన్రా," అన్నాను. "అది పందెమని ఎవరూ దానికి చెప్పలేదు. డప్పు వినగానే పెళ్ళనుకుంటంది. పెళ్ళికొడుకు దిగి బామ్మర్దిని కౌగిలించుకునేదాకా కదలకూడదని నిలబడి చిందేస్తంది!"

టీకొట్టు పేలిపోయింది. పెద్దాయనకి పొలమారింది. ఆటో అతను బెంచీ మీద చరిచి, "అయితే బావ తలకి బాసికం కట్టీవొచ్చు మాస్టారూ!" అన్నాడు. అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఈ మాస్టారికి నిజం అబద్ధం ఒకే గాట్న కట్టీడం ఎవులు నేర్పేరో గాని," అంది. నేనూ నవ్వాను. నా మాటకి నేను నవ్వకుండా ఉండటం నాకెప్పుడూ చేతకాలేదు.

ఒక్కడు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, లేచి నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, నిజంగానేటి? డప్పుకే ఆగుతందంటారా?"

అందరూ ఇంకా నవ్వుతున్నారు. కొందరు నా జవాబు కోసం, అంటే రెండో హాస్యం కోసం, నోళ్ళు సిద్ధంగా పెట్టుకుని చూస్తున్నారు. అతని కళ్ళల్లోకి చూసి ఔనని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ నవ్వు చల్లారిపోతుంది. ఆరు డప్పులవాళ్ళకి కబురు పెట్టాలి. మాస్టారి బుర్రలోంచి పుట్టిన ఆలోచన పిల్లకి ఎసరు పెట్టేదని ఒప్పుకోవాలి. అరక్షణం పట్టింది. నా స్టాప్‌వాచీ కొలవగలిగినంత కాలమే.

"ఊరికే అన్నాన్రా," అన్నాను. "నా మాటలకి తాడూ బొంగరం ఉంటాయేటి?"

అతను తల ఊపి, వెళ్ళి మళ్ళీ బెంచీ చివర కూర్చున్నాడు.

శుక్రవారం, శనివారం ఏం చేశానని అడగొచ్చు. ఏమీ చేయలేదు. రెండు మూడుసార్లు అతని గుమ్మం దాకా వెళ్ళి, గడ్డి వేస్తుంటే చూసి, వాతావరణం గురించి మాట్లాడి వచ్చాను. ఒకవేళ నా ఊహే తప్పేమో, పరుగు వేడిలో దానికి డప్పు పట్టదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డ్రిల్లు మాస్టారుకి సర్దుకు నిలబడటం బాగా వచ్చు.

ఆదివారం ఎండ తగ్గాక పందెం. మా ఆరు డప్పులవాళ్ళు మలుపు దగ్గర జనం వెనకాల వరసగా నిలబడి, గడ్డిమంట మీద డప్పులు కాచుకుంటున్నారు. గుర్రాన్ని నడిపించుకుంటూ అతను అటుగా పోయాడు. డప్పుల్ని చూశాడు. నన్ను చూశాడు. నేను బొటనవేలు పైకెత్తి చూపించాను. ఆ వేలు ఎందుకెత్తానో ఈ రోజుకీ నాకు తెలీదు.

నాలుగు చుట్లు దానివే. నాలుగో చుట్టు ముగిసేసరికి రెండో గుర్రానికీ దానికీ మధ్య ఒక ఎడ్లబండి నిలబెట్టేంత ఎడం ఉంది. గీత దగ్గర స్టాప్‌వాచీ నొక్కి చూశాను. సాధనలో కంటే కూడా బాగుంది. పెద్దాయన నా భుజం పట్టుకుని, "దమ్మున్నాదిరా, ఉన్నాది, నాదే తప్పు," అని ఏడుస్తున్నాడు. రెండో మూల దాటింది. మూడో మూల దాటింది. అప్పుడు మా ఆరు డప్పులూ లేచాయి.

నిజంగానే అదరగొట్టేవాళ్ళని ఏరాను. మిగతా ఊళ్ళ డప్పులు వాటి కింద మునిగిపోయాయి.

ఎర్రపిల్ల చెవులు వెనక్కి తిరిగాయి. తల లేచింది. ఈసారి అడుగు కుంచించుకుపోవడం కాదు. నిలబడిపోయింది. అంత వేగంలో ఉన్నది, కాళ్ళు నాలుగూ నేలలో దిగేసినట్టు, మట్టి చిమ్ముతూ మలుపు మధ్యలో నిలబడింది. కుడికాలు లేచింది. నేను చూశాను. ఆ ఒక్క కాలు లేవడం చూశాను. వెనకాల వస్తున్న నల్లగుర్రానికి తప్పుకునే వీల్లేకపోయింది.

రౌతులిద్దరూ చెరోవైపు పడ్డారు. నల్లగుర్రం లేచి కుంటుతూ పరిగెత్తింది. ఎర్రపిల్ల కూడా లేచింది, మూడు కాళ్ళ మీద. కుడి ముందుకాలు మోకాలి కింద నుంచి వేరే దిక్కుకి వేలాడుతోంది. జనం ఒక్కసారిగా అరిచారు. జనం వెనకనున్న డప్పులవాళ్ళకి మైదానం కనపడదు. ఆ అరుపు గెలుపనుకున్నారు. ఇంకా గట్టిగా కొట్టారు. అది మూడు కాళ్ళ మీద డప్పులకి ముఖం పెట్టి కదలకుండా నిలబడింది. విరిగిన కాలే మళ్ళీ మళ్ళీ ఎత్తబోయింది.

"డప్పు ఆపండి! ఓరి నాయినో, డప్పు ఆపండి!" అని అతను అరుస్తున్నాడు. ఎడంభుజం దిగిపోయి, చెయ్యి వేలాడుతోంది. ఒక్క చేత్తో దాని మెడ పట్టుకుని అరుస్తున్నాడు. జనాన్ని తోసుకుంటూ డప్పుల దగ్గరికి పరిగెత్తింది నేనే. బస్సు కోసం కూడా పరుగెత్తనివాణ్ణి.

పశువుల డాక్టరు స్కూటరు మీద వచ్చాడు. వంగి కాలు చూశాడు. తరవాత అతన్ని పక్కకి రమ్మన్నాడు. అతను రాలేదు. దాని తల ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. సూది వేస్తున్నప్పుడు దాని చెవులు రెండూ తన అరచేతులతో మూశాడు. దిగిపోయిన భుజంతో ఆ రెండో చెయ్యి ఎలా ఎత్తాడో తెలీదు. స్టేజీ మీద మైకులో గెలిచిన గుర్రం ఊరి పేరు చదువుతున్నారు. నా మెడలో స్టాప్‌వాచీ ఐదో చుట్టుని ఇంకా లెక్కపెడుతూనే ఉంది.

మూడు రోజుల తరవాత టీకొట్లో మళ్ళీ విచారణ మొదలైంది. వాళ్ళని తప్పుపట్టలేను. మా వాళ్ళకి దుఃఖం కూడా వాదనలాగే వస్తుంది. నేలలో గుంట ఉందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. నల్లగుర్రం రౌతు కావాలనే గుద్దాడన్నాడు ఆటో అతను. అద్దం మీద బొమ్మ పీకేసినచోట జిగురు మరక మిగిలింది.

అప్పుడు చెప్పాను. ఈసారి నవ్వకుండా, మొదట్నుంచీ, చూసింది చూసినట్టు.

"డప్పు వినే ఆగిందిరా. దానికి తల్లి నుంచి వచ్చిన అలవాటు. గురువారమే చూశాను నేను."

అప్ప టీ గిన్నె దించి నన్ను ఒకలా చూసింది.

"ఊరుకోండి మాస్టారూ. సచ్చినదాని మీద కూడా ఏలాకోలమేటి?"

అక్కణ్ణించి లేచి నేరుగా అతని ఇంటికి వెళ్ళాను. భుజానికి కట్టు కట్టుకుని, ఒక్క చేత్తో తెల్లగుర్రం మెడకి గంటల పట్టీ బిగిస్తున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక ఊరేగింపు ఉంది.

"ఆ రోజు నేనన్నది నిజమేరా," అన్నాను. "ఊరికే అన్లేదు. కళ్ళారా చూసే అన్నాను."

"తెల్సు మాస్టారూ."

"తెలుసా?"

"మీరన్నప్పుడే అనిపించింది నాకు. తల్లి కాళ్ళకాడే కదా పెరిగింది." పట్టీ బిగించి, ముడి లాగి చూసుకున్నాడు. "తెల్లారగట్లే ఎల్లి డప్పులోళ్ళని రావొద్దని సెప్పీద్దావనుకున్నాను. సెప్పులేసుకుని గడప దాటేను కూడా."

"మరి?"

"మీరు ఊరికే అన్నానన్నారు కదా. సదూకున్నోరు, కొలిసి సూసేవోరు. మీ మాటే నమ్మీసేను."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తిరిగి ఏదైనా అనడానికి వీలుండేది.

"కాస్త ఈ కళ్ళెం పట్టుకుంటారా మాస్టారూ? నాకు ఈ చెయ్యి లేవటం నేదు. వీది సివరిదాకా, అంతే."

పట్టుకున్నాను. పెళ్ళికొడుకు ఎక్కాడు. తెల్లగుర్రం నా భుజానికి ముక్కు ఆనించి, ఎవరు పట్టుకున్నారో వాసన చూసుకుంది. ఆ వైపు కన్ను దానికి లేదు. వీధి మలుపు దగ్గర డప్పు మోగింది. అది ఆగింది. దానితోపాటు నేనూ ఆగాను.

"ఏటి మాస్టారూ, పెళ్ళికి మీరు కూడా చిందేత్తన్నారేటి?" అని ఊరేగింపులోంచి ఎవరో కేకేశారు. అందరూ నవ్వారు. జవాబు కోసం నా ముఖంలోకి చూశారు.

జవాబు నాలుక మీదకి వచ్చింది కూడా. పళ్ళు బిగించుకుని, కళ్ళెం పట్టుకుని, డప్పు ఎప్పుడు ఆగుతుందా అని నిలబడ్డాను.